ఆ మిరపకాయల పేరా ఎందుకు తీసేశావు?

విజయవాడ

అమ్మాయ్,

నీ కథ రెండో ప్రతి, దాంతోపాటు నువ్వు పెట్టిన పెద్ద మెసేజీ, రెండూ చదివాను. మెసేజీలో ముప్పాతిక వంతు నీ స్నేహితుడి గురించే ఉంది. వాడికి పోటీలో బహుమతి వచ్చింది, ఆదివారం అనుబంధంలో కథ పడింది, పుస్తకం కూడా వస్తోంది, నువ్వేమో ఉన్నచోటే ఉన్నావు. "మాస్టారూ, వాడి పోస్టు చూసిన రోజున ఒక్క వాక్యం కూడా రాయలేకపోతున్నాను" అన్నావు. ఆ టెన్షన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకొకటి చెప్పు. మొదటి ప్రతిలో ఉన్న మిరపకాయల పేరా ఏమైంది?

మిర్చి యార్డు దగ్గర షెడ్డులో రోజంతా మిరపకాయల తొడిమలు తీసిన మనిషి సాయంత్రం ఇంటికొస్తుంది. సబ్బుతో రుద్దుకుంది, కొబ్బరినూనె రాసుకుంది, అయినా చేతుల మంట పోలేదు. పిల్లాడు పరిగెత్తుకొస్తే అరచేతులు ఎడంగా పెట్టి, మోచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తుకుంటుంది. వాడు కొంగుకేసి ముఖం రుద్దబోతే తల పక్కకి తిప్పేస్తుంది, కొంగు నిండా కూడా ఘాటే కదా మరి. గుంటూరు మిర్చి గురించి రాసేవాళ్ళంతా యార్డుకి ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, వచ్చాయో, తేజ రకం క్వింటా ఎంత పలికిందో రాస్తారు. ఆ మోచేతుల్ని మాత్రం నేను నీ దగ్గరే చదివాను.

రెండో ప్రతిలో ఆవిడ లేదు. ఆవిడ బదులు హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంట్ బాల్కనీలో కాఫీ కప్పు పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆ బాల్కనీ ఎక్కడిదో నాకు తెలుసు, నీ స్నేహితుడి కథలోది. వాడికది నప్పింది. వాడు అక్కడే ఉంటున్నాడు, లిఫ్టు ఆగిపోయిన రోజున వాచ్‌మన్ ఎవరెవరి చేత మాటలు పడతాడో వాడికి తెలుసు. నువ్వు బాల్కనీని తెచ్చుకోగలిగావు గానీ ఆ వాచ్‌మన్‌ని తెచ్చుకోలేకపోయావు.

పక్కవాళ్ళతో పోల్చుకుంటే మనసు పాడవుతుందని అందరూ చెప్తారు. మనసుదేముంది, నాలుగు రోజులు పోతే అదే కుదుటపడుతుంది. నా భయమంతా కథ గురించి. ఇంకొకరికి వచ్చిన పేరు చూశాక, మనకే తెలియకుండా మన కథలోంచి మనదైన ముక్క తీసేసి వాళ్ళది తెచ్చి అతికిస్తాం. పైగా దానికి ఎడిటింగ్ అని పేరు పెట్టుకుంటాం.

ఇక బహుమతి. నేనూ ఆ కుర్చీల్లో కూర్చున్నవాణ్ణే. ముగ్గురు న్యాయనిర్ణేతలుంటే ముగ్గురికీ మూడు వేర్వేరు కథలు నచ్చుతాయి. ఎవరూ తగ్గరు. చివరికి ముగ్గురి లిస్టులోనూ రెండోదో మూడోదో అయిన కథకి మొదటి బహుమతి వెళ్తుంది. పత్రికలో కథ పడటమూ అంతే. బొమ్మకీ ప్రకటనకీ పోగా మిగిలిన జాగాలో పట్టే కథకి ముందు పిలుపొస్తుంది, దానికంటే మంచిది పొడుగెక్కువై ఫైల్లోనే ఉండిపోతుంది. పుస్తకమంటావా, మన దగ్గర చాలామంది సొంత డబ్బు పెట్టి ఓ 500 కాపీలు వేసుకుంటారు. ఆవిష్కరణ సభలో పంచగా మిగిలినవి మంచం కిందకి చేరతాయి. ఇవన్నీ నీ స్నేహితుణ్ణి తక్కువ చేయడానికి చెప్పడం లేదు. వాడి కథ బాగుంది. ఇంతకీ వాడికి ఫోన్ చేసి అభినందించావా లేదా?

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే మన ఆంధ్రా యూనివర్సిటీ, నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'కీ, అడివి బాపిరాజు 'నారాయణరావు'కీ కలిపి బహుమతి పంచి ఇచ్చారు. ఆ రోజుల్లో విశ్వనాథ మీ గుంటూరు ఏ.సి. కాలేజీలోనే పాఠాలు చెప్పేవారు. బాపిరాజు చిత్రకారుడు కూడా, ఆయన వర్ణన చదువుతుంటే పక్కన రంగుల పెట్టె ఉన్నట్టే ఉంటుంది. ఆ చేత్తో విశ్వనాథలా రాయబోయి ఉంటే మనకి రెండో రకం విశ్వనాథ ఒకరు దొరికేవారు, అంతే. రెంటిలో ఏది గొప్పదని మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర అడిగి చూడు, ఇప్పటికీ తగువు తేలదు.

తెనాలి శారద పేరెత్తి నిన్ను దెప్పేవాళ్ళు కూడా తగులుతారు. అసలు పేరు నటరాజన్, మాతృభాష తమిళం. తెనాలి హోటళ్ళలో సర్వర్‌గా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, కథలూ నవలలూ రాసి, 1955లో చిన్నవయసులోనే పోయాడు. "అన్ని కష్టాల్లో ఆయన రాయలేదా, నీకేం తక్కువ?" అంటారు. అదీ పోలికే, కాకపోతే కాస్త మర్యాదగా కనిపిస్తుంది. శారదని ఇష్టంగా చదువుకో. సిగ్గుపడటానికి చదివితే ఆయన రాసిందేదీ నీకు కనపడదు.

పోల్చడం పూర్తిగా మానెయ్యమని చెప్పను. ఈ వయసులో కూడా పుస్తక మహోత్సవంలో నా ఈడువాళ్ళ పుస్తకాల దొంతర ఎంత తరిగిందా అని ఓరకంట చూస్తూనే ఉంటాను. (నవ్వకు.) ఎలాగూ పోలుస్తావు కాబట్టి పెన్సిల్ పట్టుకుని పోల్చు. వాడి కథ ప్రింటు తీసుకో. మొదటి మాట ఎవరు మాట్లాడారు, అప్పటికి ఎన్ని పేరాలు అయ్యాయి? వాచ్‌మన్ మనకి ఎప్పుడు దగ్గరయ్యాడు, ఏ పనితో? ఎక్కడ నీకు విసుగొచ్చింది? చివరి పేరా కొట్టేస్తే కథ నిలబడుతుందా? ఇలా ఓ గంట కూర్చుంటే కుళ్ళు కాస్తా పనిలో పడి చల్లబడుతుంది. వాడి కథలో ఒకటో రెండో లోపాలు కూడా దొరుకుతాయి. లోపల్లోపల సంతోషపడు, ఎవరికీ చెప్పకు.

మూడో ప్రతిలో మిరపకాయలావిడని మళ్ళీ పెట్టు. ఒక్క మార్పు మాత్రం చెయ్యి. పేరా చివర "ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అని రాశావు, అది కొట్టెయ్. మిరపకాయల్లో పనిచేసేవాళ్ళకి పొద్దస్తమానం కళ్ళలో నీళ్ళే. అవి ఏ నీళ్ళో చదివేవాడికి తెలియదు, పిల్లాణ్ణి ఎత్తుకున్న తీరులోనే అంతా తెలిసిపోయింది.

సంక్రాంతి లోపు పంపు. ఫోన్లో వద్దు, నా కళ్ళకి ఆనడం లేదు, మార్జిన్ వదిలి ప్రింటు తీసి పంపు. జనవరిలో పుస్తక మహోత్సవానికి ఎలాగూ వస్తావుగా, నీ స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకు రా. ఆ వాచ్‌మన్ గురించి వాణ్ణి ఒకటి అడగాలి.

ఆశీస్సులతో,
మాస్టారు