ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే

మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా మీ అమ్మగారి హిమోగ్లోబిన్ 9 దగ్గరే ఆగిపోయిందని రాశారు. టిఫిన్ కాగానే ఐరన్, కాల్షియం కలిపి వేసుకుని వెంటనే టీ తాగుతున్నారన్నారు కదా, ముందు అది మార్చండి. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కాల్షియం కూడా అడ్డుపడుతుంది.

ఐరన్ మాత్ర పరగడుపున, టిఫిన్‌కు గంట ముందు, నిమ్మకాయ నీళ్లతో వేయండి. విటమిన్ సి తోడుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలు రెండు గంటలు ఆగాకే. కాల్షియం రాత్రి భోజనంతో. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే దానికీ ఐరన్‌కీ మధ్య నాలుగు గంటల ఎడం తప్పనిసరి. అప్పుడు ఐరన్‌ను సాయంత్రానికి జరపండి. పరగడుపున వికారంగా ఉంటే కాస్త తిన్నాక వేసుకోవచ్చు. ఒంటబట్టేది కొంత తగ్గుతుంది, అయినా మానేయడం కంటే నయం. గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్ సరిగా అందదు.

తోటకూర పప్పులో నిమ్మరసం పొయ్యి మీద ఉండగా కాదు, దించి వడ్డించుకున్నాక పిండండి. వేడికి విటమిన్ సి పోతుంది.

నాలుగు వారాల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే పరీక్ష), విటమిన్ బి12 పరీక్షలు చేయించాలి. మీ అమ్మగారి వయసులో కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో కూడా డాక్టర్ చూడాలి, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. 12 దాటినా వెంటనే ఆపొద్దు, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది.