బట్టల షాపును కేఫ్‌గా మార్చడానికి పర్మిషన్ కావాలా? – సమాధానం

టెన్షన్ పడకండి. ఇంగ్లండ్‌లో బట్టల షాపు లీజుకు తీసుకుని కేఫ్ పెట్టాలంటే ప్లానింగ్ పర్మిషన్ (స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి) కావాలా అని అడిగారు కదా, షాపులు ఏ1, కేఫ్‌లు ఏ3 అనే వేర్వేరు క్లాసులని మీవాళ్లు చెప్పిన లెక్క పాతదండీ. 2020 సెప్టెంబర్ 1 నుంచి షాపులు, కేఫ్‌లు, ఆఫీసులు, జిమ్‌లు, క్లినిక్‌లు అన్నీ 'క్లాస్ ఈ' అనే ఒకే గుంపులోకి వచ్చేశాయి, ఒకే క్లాస్ లోపల వాడకం మారితే దాన్ని డెవలప్‌మెంట్ (అంటే పర్మిషన్ కావాల్సిన మార్పు) కిందే లెక్కపెట్టరు కాబట్టి పర్మిషన్ అక్కర్లేదు.

కానీ కస్టమర్లు అక్కడే కూర్చుని తినడం ప్రధానంగా ఉండాలి. వేడి భోజనం పార్సిల్ ఇవ్వడమే ప్రధానమైతే అది టేక్‌అవే, ఒక్క క్లాస్‌లోకి కూడా రాదు, పర్మిషన్ తీసుకోవాల్సిందే. బయటికి పొగగొట్టం పెట్టినా, షాపు ముందుభాగం మార్చినా విడిగా అప్లికేషన్ పెట్టాల్సి రావచ్చు.

చాలామంది చూడనిది ఇంకోటుంది. ఆ బిల్డింగ్‌కు గతంలో ఇచ్చిన పర్మిషన్‌లో షాపుగానే వాడాలని షరతు ఉంటే ఈ వెసులుబాటు మీకు దక్కదు, అందుకే దయచేసి సంతకం పెట్టకముందే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ మీద ఉన్న పాత ఫైళ్లు తెరిచి చదవండి, లీజులో ఏ వాడకం రాశారో కూడా చూడండి. అప్పటికీ అనుమానం ఉంటే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్‌కు (ఆ వాడకం చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే పత్రం) అప్లై చేయండి, ఫీజు కట్టాలి గానీ రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది.