అటక దించేముందు ఒక మాట

అమ్మడూ,

పెదనాన్న ఆశీస్సులు. ఇల్లు మారేలోపు అటక మీది కరెంటు సామానంతా పాత సామాన్ల బండికి తూకానికి వేసేస్తానన్నావట. ఒక్క ఆదివారం ఆగు.

ముందు మిక్సీ సంగతి. పప్పు రుబ్బుతుంటే ఆగిపోయింది కదా? ప్లగ్గు తీసి, జార్ పక్కన పెట్టి, తిరగేసి చూడు. చాలా మిక్సీలకు అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా కరెంటు ఆపేది అదే. కాసేపు చల్లారనిచ్చి నొక్కు. నా షాపుకి వచ్చిన "కాలిపోయిన" మిక్సీల్లో ఆ బటన్ నొక్కి తిరిగి ఇచ్చేసినవి బోలెడు (డబ్బులు తీసుకున్నానా అని మాత్రం అడక్కు). మోటారు తిరుగుతున్నా బ్లేడు తిరగకపోతే కప్లర్, అంటే మోటారునీ జార్‌నీ కలిపే ముక్క, అరిగినట్టు. హాల్లో ఫ్యాన్ నీరసంగా తిరుగుతోందంటే చాలాసార్లు మోటారుకి ఊపునిచ్చే చిన్న డబ్బా, అదే కండెన్సర్, పోయి ఉంటుంది. దానికోసం ఫ్యాన్ మార్చకు.

నిజంగా చచ్చినవి వేరే పెట్టు. బండివాడి మీద నాకేం కోపం లేదు, అతని బతుకుతెరువు అది. కానీ అతని దగ్గర్నుంచి వైర్లు చేతులు మారి, రాగి కోసం ఎక్కడో మంటలో పడతాయి. నేనూ కాల్చానమ్మా, షాపు వెనక ఖాళీ స్థలంలో. ఆ నల్లపొగలో డయాక్సిన్లనే విషాలు ఉంటాయని అప్పుడు తెలీదు, గొంతు మండేదని మాత్రం తెలుసు. పాత డబ్బా టీవీ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. దాన్నీ రాగిచుట్ట కోసం సుత్తితో పగలగొట్టేవాళ్ళం.

అందుకే టీవీ కంపెనీకి ఫోన్ చెయ్యి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. కాకపోతే కాలుష్య నియంత్రణ మండలిలో రిజిస్టరైన రీసైక్లర్‌కి ఇవ్వు. తూకానికి వచ్చేంత డబ్బు రాకపోవచ్చు, సరే అనుకో. పాత ఫోన్లు ఇచ్చేముందు ఫొటోలు దాచుకుని, సిమ్ తీసి, లోపలున్నదంతా చెరిపెయ్యి.

ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. పేపర్లో చుట్టి అట్టపెట్టెలో విడిగా ఉంచు. పగిలితే కిటికీలు తెరువు, చీపురు పట్టకు, గట్టి అట్టముక్కతో ఎత్తు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చొద్దు, నొక్కొద్దు, ఛార్జింగ్ అసలే వద్దు. దాన్ని పిల్లలకి అందకుండా, బట్టలకీ కాగితాలకీ దూరంగా పెట్టు.

ఆదివారం పొద్దున్నే టెస్టర్ పట్టుకుని వస్తాను. ఆ ఎర్ర బటన్ మాత్రం శనివారమే నొక్కి చూడు. పనిచేస్తే నాకు పెసరట్లు.

మీ పెదనాన్న