ప్లకార్డు వెనక వైపు కూడా చూడు

చిరంజీవికి,

నువ్వు పంపిన నిరసన ఊరేగింపు వ్యాసం రెండుసార్లు చదివాను. "రంగురంగుల దుస్తుల్లో, ప్లకార్డులతో వందలాది మంది హోరెత్తించారు" అని మొదలుపెట్టావు. ఏ ఊరేగింపుకైనా సరిపోయే వాక్యం అది, తీసెయ్. నాలుగో పేరాలో క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్‌పెన్‌తో రాసుకొచ్చిన పెద్దావిడ ఉంది చూడు, అక్కడ నేను ఆగిపోయాను. నువ్వేమో ఒక్క వాక్యంలో ఆవిణ్ణి దాటి వెళ్ళిపోయావు.

ఎవరు ఏం కట్టుకున్నారు, ఏం పట్టుకున్నారు అని రాయడం తేలికే. ఆ వస్తువు అంతకుముందు ఏ పనికి వాడేవాళ్ళో అడుగు. 1977లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో, సైనిక ప్రభుత్వం మాయం చేసిన బిడ్డల కోసం తల్లులు ప్లాసా దె మాయో కూడలికి రావడం మొదలుపెట్టారు. గుంపులో ఒకరినొకరు గుర్తుపట్టడానికి తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు. మొదట్లో కట్టుకున్నవి పసిపిల్లల పొత్తిగుడ్డలు. తర్వాత తలగుడ్డల మీద బిడ్డల పేర్లు కుట్టుకున్నారు. "తెల్ల స్కార్ఫులు ధరించిన మహిళలు" అని రాస్తే ఇదంతా పోతుంది కదా!

ఫ్రాన్స్‌లో 2018లో ఇంధన పన్ను మీద రోడ్డెక్కినవాళ్ళు వేసుకున్న పసుపు జాకెట్ కూడా అలాంటిదే. ప్రతి కారులోనూ అది ఉండాలని 2008 నుంచి అక్కడ నిబంధన. చీకట్లో బండి ఆగిపోతే, వెనక వచ్చేవాళ్ళకు మనిషి కనబడాలని వేసుకునేది. తాము ఎవరికీ కనబడడం లేదని కోపంగా ఉన్నవాళ్ళకు అంతకన్నా సరిపోయే బట్ట ఏముంది?

అచ్చువేసిన ప్లకార్డుల్లో "సొంత గొంతు లేదు" అని రాశావు. ఇక్కడ నేను ఒప్పుకోను. 1968లో అమెరికాలోని మెంఫిస్‌లో చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయాక నల్లజాతి పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వందల చేతుల్లో ఒకటే వాక్యం: "నేను మనిషిని." "మేము" అనలేదు, గమనించు. ఒక్కొక్కరూ ఎవరి మాట వాళ్ళే చెప్పుకున్నారు. ఇక 2022 నవంబరులో చైనాలో కోవిడ్ ఆంక్షల మీద, నోరెత్తనివ్వని సెన్సార్ మీద నిరసనగా జనం ఏమీ రాయని తెల్లకాగితాలు పైకెత్తారు. అలాంటిది ఎదురైతే దాన్ని ఖాళీగానే వర్ణించు, నీ మాటలతో నింపకు.

నేనూ ఒకప్పుడు తొందరపడ్డాను. నల్లబట్టల్లో ఉన్న ఒకాయన్ని చూసి "సంతాప సూచకంగా" అని రాసేశాను. అవి ఆయన డ్యూటీ బట్టలని తర్వాత తెలిసింది. సగం రోజు జీతం వదులుకుని నేరుగా పనిలోంచి వచ్చాడు. అసలు కథ అది. నేను అడగలేదు కాబట్టి రాయలేకపోయాను. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మొహం దాచుకున్న మనిషిని కూడా చొక్కా మీది బొమ్మో, బూట్ల రంగో, ప్లకార్డు మీది చేతిరాతో పట్టిచ్చేస్తుంది. నీ వ్యాసం చదివేవాళ్ళలో పోలీసులూ ఉంటారు, ఆ మనిషి పనిచేసే చోటి యజమానీ ఉంటాడు. అడిగి రాయి. వద్దంటే ఎంత మంచి వివరమైనా వదిలెయ్.

ఆ పెద్దావిడ మళ్ళీ కనబడితే పక్కన కూర్చో. అక్షరాలు ఆవిడే రాసిందా, ఎవరైనా రాసిచ్చారా? ఆ క్యాలెండర్ ఏ నెలది? ఆవిడ సరేనంటే ఆ పేరా మళ్ళీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.