ప్లాన్ మార్చకండి బాబూ, టీవీకి తీగ లాగండి

విజయనగరంలో ఇల్లు, 100 ఎంబీపీఎస్ (నెట్ స్పీడు కొలత) ఫైబర్ కనెక్షన్, ఫోన్లో బానే వస్తుంది గానీ టీవీలో మాత్రం రాత్రి 8 దాటితే వీడియో ఆగి ఆగి వస్తుంది, 200 ప్లాన్‌కి మారిపోవాలా అని కదా మీరు అడిగింది. వద్దండి. మారినా, వీడియో ఆగినప్పుడు తెర మీద తిరిగే ఆ గుండ్రం అలాగే తిరుగుతాది, బిల్లు ఒక్కటే పెరుగుతాది.

నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు వాళ్ళ సైట్లో రాసుకున్న లెక్కే చూడండి, ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కే కి 15, అంతే అడుగుతారు. మీ దగ్గర 100 ఉంది. అందులో సగం దారిలో పోయినా ఇంట్లో మూడు టీవీలు హాయిగా ఆడాలి. ఆడట్లేదంటే మీ వీధి గుమ్మం దాకా వచ్చిన స్పీడు టీవీ దాకా వెళ్ళట్లేదని. అసలు మన దేశంలో 2023 దాకా 512 కేబీపీఎస్, అంటే అర ఎంబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండ్ అనేవారు, ఆ ఏడాది దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. రూల్సు అలగుంటే అమ్మేవాళ్ళు మాత్రం 300, 500 అని బ్యానర్లు కడతారు, ఇంటిల్లిపాదీ ఓ సీరియల్, ఓ క్రికెట్ మ్యాచ్ చూసుకునేవాళ్ళకి 500 ఏటికండీ?

మా మావయ్య ఇంట్లో జరిగింది చెప్తాను, మీ కేసు కూడా అచ్చం అదే అని నా నమ్మకం.

మావయ్యది కంటోన్మెంట్ వైపు పాత ఇల్లు, గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో పిల్లలు కూర్చుని చదువుకుంటారు. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి (పొడుగాటి చెట్టు మాను చివర పూజారి గారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు) మా చుట్టాలందరూ అక్కడే దిగుతారు, బొబ్బిలి వాళ్ళు, సాలూరు వాళ్ళు, మేము శ్రీకాకుళం నుంచి. దసరా తర్వాత వచ్చే ఆ మంగళవారం ఊళ్ళో అడుగు పెట్టడానికి సందుండదు, మా అత్తకేమో మోకాళ్ళ నొప్పులు, మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఆ తొక్కిసలాటలో ఎక్కడ నిలబడతాది, అందుకని యూట్యూబ్‌లో లైవ్ పెట్టించుకుని, టీవీ ముందు కుర్చీ వేసుకుని, హారతి పళ్ళెం కూడా పక్కనే పెట్టుకుని కూర్చుంది. ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అన్నీ కనిపించాయి, అప్పటిదాకా బానే ఉంది. మాను కదిలింది, పూజారి గారు మాను చివర పైకి లేచారు, జనం అరటిపళ్ళు విసరడం మొదలెట్టారు, సరిగ్గా ఓ అరటిపండు గాల్లో ఉండగా బొమ్మ ఆగిపోయింది. అత్త కర్పూరం వెలిగించేసింది కూడా. "ఏట్రా, మాను కదల్దేటి?" అని నా వైపు తిరిగింది, ఇంట్లో కంప్యూటర్ తెలిసినోడు అని నాకు పేరుంది మరి.

మావయ్య లేచి రౌటర్ స్విచ్ ఆపి వేశాడు. కాసేపు ఆడింది, మళ్ళీ ఆగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ కొడితే చాలాసేపు పాట వినిపించి వినిపించి ఆఖర్న ఒకమ్మాయి "సర్, మీ ఏరియాలో ప్రాబ్లం ఏమీ లేదు, హయ్యర్ ప్లాన్‌కి అప్‌గ్రేడ్ అవుతారా" అంది. మావయ్య ఆవిడకి ఏటి అప్‌గ్రేడ్ చెయ్యాలో చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నేను వీధి గదిలోకి వెళ్ళి చూద్దును కదా, రౌటర్ ఇనప బీరువా వెనక నేల మీద ఉంది. ఎందుకంటే కనెక్షన్ ఇచ్చిన కుర్రాడికి ఆ కిటికీ దగ్గరైంది, ఇంకో పది అడుగులు లోపలికి లాగడానికి ఒళ్ళు బద్ధకం. టీవీ హాల్లో, మధ్యలో రెండు గోడలు, ఆ బీరువా. ఇది చాలదన్నట్టు మావయ్య కొడుకు వచ్చిన ప్రతి చుట్టానికీ వైఫై పాస్‌వర్డ్ ముందు చెప్పి మంచినీళ్ళు తర్వాత ఇచ్చాడు. అందరూ ముందురోజు తొలేళ్ళ ఉత్సవంలో తీసుకున్న ఫోటోలూ వీడియోలూ బోలెడు, వైఫై తగలగానే ఆ ఫోన్లన్నీ ఎవరూ చెప్పకుండానే గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కించుకోవడం మొదలెట్టాయి. జేబులో ఉన్న ఫోన్ పని చేస్తుందని వాళ్ళకే తెలీదు పాపం.

మేడ మీద అద్దెకుండే ఇంజినీరింగ్ గుంటడు రాత్రంతా గేములాడతాడు, వాడి దగ్గర పొడుగు లాన్ కేబుల్ (రౌటర్ నుంచి నెట్ తెచ్చే తీగ) ఉంటాదని తెలుసు. వాడ్ని బతిమాలి తెచ్చి, బీరువా పక్కనుంచి, గడప మీదుగా, దేవుడి గది ముందు నుంచి లాక్కొచ్చి టీవీ వెనక గుచ్చాను, పిల్లలు కాళ్ళకి తగిలించుకోకుండా మీద గోనెసంచి పరిచాం, టీవీ సెట్టింగ్స్‌లో వైఫై ఆపేశాను. అంతే. ప్లాన్ అదే, రౌటర్ అదే, చుట్టాలు అలాగే రీల్స్ చూస్తున్నారు, టీవీ మాత్రం ఇంక ఆగలేదు. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాది కాబట్టి సరిపోయింది, ఒక్కసారే అయితే అత్త నన్ను ఇంట్లోంచి గెంటేసేది.

ఇందులో మాయేం లేదు. వైఫై‌లో ఒక చానల్ (టీవీ చానల్ కాదు, గాల్లో సిగ్నల్ వెళ్ళే దారి) మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. దూరంగా సిగ్నల్ అందీ అందని ఫోన్ అదే ముక్క చెప్పడానికి ఎక్కువసేపు తీసుకుంటాది, అంతసేపూ టీవీ కాచుక్కూర్చోవాలి. మామూలు వీడియో అయితే ముందే కొంత దింపుకుని దాచుకుంటాది కాబట్టి మీకు తెలీదు, లైవ్‌లో దాచుకోడానికి కొన్ని సెకన్లే దొరుకుతాయి, చిన్న అడ్డు పడ్డా గుండ్రమే. తీగకి ఈ గోలేం లేదు, దాని దారి దానిదే.

మీకు ఫోన్లో బానే వచ్చి టీవీలో ఎందుకు రాదంటే, వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులు, చాలా చవక టీవీల్లో 2.4 ఒక్కటే ఉంటాది. ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ మీద ఉండుంటాది. 2.4 గోడలు బాగా దాటుతాది నిజమే, కానీ అందులో ఒకదాని మీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11 మూడంటే మూడు. రాత్రి 8కి మీ వీధిలో ప్రతి ఇంటి రౌటరూ ఆ మూడింట్లోనే కొట్టుకుంటాది. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. మీరు 200 కాదు 1000 తీసుకున్నా ఆ మూడు నాలుగవ్వవు.

రౌటర్ని నేల మీద, టీవీ వెనక, బీరువాలో పెట్టకండి. మా అమ్మ అయితే దుమ్ము పడతాదని మీద ఊలు అల్లిక గుడ్డ కప్పింది, అది లోపల మరిగిపోతుంది, తీస్తే మళ్ళీ కప్పుతాది. ఇంటి మధ్యలో, తలకంటే ఎత్తులో ఉంటే చాలు.

ఆపరేటర్‌దే తప్పయ్యే రోజులూ ఉంటాయి, లేవని నేననను. తేల్చుకోవడం చాలా తేలిక, రాత్రి 8కి లాప్‌టాప్‌ని తీగతో రౌటర్‌కి పెట్టి వీడియో ఆడించండి. స్పీడ్ టెస్ట్ ఒక్కదాన్నీ నమ్మకండి, అది చాలాసార్లు ఆపరేటర్ సొంత నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్‌తోనే కొలుస్తాది, దగ్గర్లో కొలిస్తే ఎవరిదైనా బాగానే ఉంటాది. తీగ మీద కూడా ఆగితే అప్పుడు వాళ్ళతో దెబ్బలాడండి. అప్పుడు కూడా ముందు గోడ దగ్గర సన్నని పసుపు ఫైబర్ వైరు చూడండి, దాన్ని టైట్‌గా చుట్టి ట్యాగు కట్టేసి ఉంటారు, మరీ మడిస్తే లోపలి వెలుతురు కారిపోతాది. బ్రౌజర్‌లో తెరిచే రౌటర్ సెట్టింగ్స్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (ఫైబర్లో మీ దాకా వచ్చే వెలుతురు బలం) అని ఉంటాది, -20 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, -27 దాటి -28, -29 అని చూపిస్తే లైన్‌మేన్‌కి ఆ నంబరే చెప్పండి. "నెట్ స్లో" అంటే రారు, నంబర్ చెప్తే వస్తారు. మన జిల్లాల్లో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే వేలాడతాది కదా, ఏడాదికో వాయుగుండం, ఊగి ఊగి జాయింట్లు వదులైపోతాయి. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ పక్క ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ పడిపోయాయి, రోజుల తరబడి కరెంటే లేదు, ఇంక నెట్ మాటెవరెత్తుతారు.

డీఎన్ఎస్ మార్చండి, వీపీఎన్ (నెట్‌ని ఇంకో సర్వర్ మీదుగా తిప్పే యాప్) వెయ్యండి, టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి అని చెప్పేవాళ్ళని పట్టించుకోకండి. డీఎన్ఎస్ అనేది సైటు అడ్రస్ వెతికి పెడతాది, వీడియో మోసేది అది కాదు.

కేబుల్ కొనేటప్పుడు ప్యూర్ కాపర్ క్యాట్ 6 (లాన్ కేబుల్లో ఒక రకం) అని గట్టిగా అడగండి, చవకవి చాలాసార్లు అల్యూమినియం మీద రాగి పూత. టీవీ లాన్ పోర్టు చాలావాటికి 100 ఎంబీపీఎస్సే ఉంటాది, కంగారు పడకండి, 4కే కి 15 చాలని పైన చెప్పాను కదా. అద్దె ఇల్లయి ఓనరు గోడకి కన్నం పెట్టనివ్వకపోతే తలుపు చట్రం మూల నుంచి బల్లపరుపు లాన్ కేబుల్ దూరుతాది, తలుపు కూడా మూసుకుంటాది, మేకులు వద్దు, గమ్ము క్లిప్పులు పెట్టుకోండి.