ఉద్యోగ దరఖాస్తును ఏఐ తిరస్కరిస్తుందా?

పైడిభీమవరం మందుల కంపెనీలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే, మనిషి చూడకుండానే ఏఐ తిరస్కరిస్తుందా అని శ్రీకాకుళం విద్యార్థి ఒకరు అడిగారు.

ఏఐ పేరుతో అమ్ముతున్న వాటిలో చాలా భాగం, బయోడేటాలోని మాటలను విడదీసి చదువు, అనుభవం వంటి గడుల్లో నింపి, ప్రకటనతో పోల్చి వరుసలో పెట్టే సాఫ్ట్‌వేరే. వెంటనే వచ్చే తిరస్కరణకు తరచుగా కారణం అంతకంటే పాతదైన వడపోత ప్రశ్న, "రెండేళ్ల అనుభవం ఉందా?" అన్నచోట "లేదు" అని నొక్కిన దరఖాస్తును ఆపడానికి ఏ తెలివితేటలూ అక్కర్లేదు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్లో ఒక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అభ్యర్థి బయోడేటా చూశాను. ముద్రించిన కాగితాన్ని ఫొటో తీసి పీడీఎఫ్ చేశారు. హెచ్‌పీఎల్‌సీ (మందుల్లోని రసాయనాలను వేరుచేసి కొలిచే పరికరం) మీద పనిచేసిన సంగతి మన కంటికి కనిపిస్తుంది. ఫొటోలోని అక్షరాలను గుర్తించలేని సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది ఒట్టి బొమ్మ.

అలాగని భయం పూర్తిగా నిరాధారం కాదు. దరఖాస్తులకు మార్కులు వేయడానికి అమెజాన్ 2014లో మొదలుపెట్టిన ప్రయోగాత్మక సాఫ్ట్‌వేర్, అంతకుముందు పదేళ్లలో ఎక్కువగా పురుషులు పంపిన దరఖాస్తుల నుంచి నేర్చుకుని మహిళల దరఖాస్తులకు తక్కువ మార్కులు వేసిందని 2018లో రాయిటర్స్ వెల్లడించింది. వీడియో ఇంటర్వ్యూల్లో ముఖకవళికల విశ్లేషణను మానుకున్నట్టు, అలాంటి ఇంటర్వ్యూల సాఫ్ట్‌వేర్ అమ్మే హైర్‌వ్యూ కంపెనీ 2021లో ప్రకటించింది. నా దృష్టిలో ఆ విశ్లేషణ మొదటి నుంచీ జాతకం చెప్పడం లాంటిదే.

కాబట్టి ముందుగా మీ పీడీఎఫ్‌లోని అక్షరాలను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, వరుస చెదరకుండా వస్తున్నాయో లేదో చూడండి.