సీఎస్‌ఏలో చేరబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

వూస్టర్ దగ్గరి పొలంలో సీఎస్‌ఏ షేర్ తీసుకోమంటావా అని అడిగావు. సీఎస్‌ఏ అంటే కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, చలికాలంలోనే రైతుకు డబ్బు కట్టేసి, పంట వచ్చే నెలల్లో వారం వారం మన వాటా కూరల సంచి తెచ్చుకునే పద్ధతి. తీసుకో. కాకపోతే డబ్బు కట్టే ముందు నువ్వూ అల్లుడూ కూర్చుని ఒక సంగతి తేల్చుకోండి. కూరగాయలు చవగ్గా వస్తాయని చేరేది కాదిది. ఆ ఏడు పొలానికి ఏం జరిగితే అందులో మనకూ వాటా ఉంటుంది. పండితే సంచి నిండుతుంది, పోతే మన వంతూ పోతుంది. దీనికి మనసు ఒప్పితేనే చేరండి. ఒప్పకపోతే ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్లి నచ్చినవి ఏరి తెచ్చుకోండి, రైతుకు అదీ మేలే.

పంట జూన్‌లో వస్తే డబ్బు చలికాలంలో ఎందుకని అల్లుడు అడిగాడన్నావు. మంచి ప్రశ్నే. మన మసాచుసెట్స్‌లో చిన్న రైతుకు జనవరి నుంచి మే దాకా చాలావరకు ఖర్చే. విత్తనాలు కొనాలి, గ్రీన్‌హౌస్ వెచ్చగా ఉంచి నారు పెంచాలి, ఎరువు తోలాలి, కూలీలకు ఇవ్వాలి. ఆ నెలలన్నీ అప్పు మీద నెట్టుకొచ్చే రైతు పరిస్థితి మన ఊళ్లో చూసినదానివే, నీకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ అప్పు బదులు తినేవాళ్లే ముందుగా పెట్టుబడి పెడతారు. ఈ దేశంలో ఈ పద్ధతి 1986లో రెండు పొలాల్లో మొదలైంది. ఒకటి న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ పొలం, ఇంకొకటి మన రాష్ట్రంలోనే, సౌత్ ఎగ్రిమాంట్‌లో ఉన్న ఇండియన్ లైన్ ఫామ్. జపాన్‌లో అంతకుముందే, 1970ల్లో, ఇంటి ఆడవాళ్లు రైతులతో ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నారు.

పంట పోవడం కాగితం మీద మాట కాదు. 2009లో వానలు వదలక, అమెరికా ఈశాన్య రాష్ట్రాలన్నిటా టమాటాకు లేట్ బ్లైట్ పట్టింది. ఐర్లండ్‌లో బంగాళాదుంపల కరువు తెచ్చిన తెగులే అది. ఆకు మీద నీళ్లోడుతున్నట్టు ముదురు మచ్చ పడుతుంది, కాయ గోధుమరంగుకు తిరిగి పాడవుతుంది. వారం పది రోజుల్లో మడి మొత్తం పీకి పారేయాల్సిందే. 2011 ఆగస్టు చివర ఐరీన్ తుఫానుకు డీర్‌ఫీల్డ్ నది పొలాల మీదికి వచ్చేసింది. 2023 జూలైలో కనెటికట్ నది ఒడ్డు పొలాలు మళ్లీ మునిగాయి. వరద నీళ్లు తగిలిన కూర కంటికి ఎంత బాగున్నా తినడానికి ఇవ్వకూడదని ఇక్కడ నియమం. నిగనిగలాడే గుమ్మడికాయల్ని రైతు తన చేత్తోనే దున్నేస్తుంటే చూశాను. అలాంటి వారం డబ్బు వెనక్కి ఇమ్మని అడిగేవాళ్లు ఈ షేర్ తీసుకోకపోవడమే నయం.

చేరే ముందు ఒకసారి పొలానికి వెళ్లి చూసి రా. మొట్టమొదట అడగాల్సింది, సంచిలో ఇచ్చేదంతా మీ నేలలో పండిందేనా అని. బయట కొని డబ్బాల్లో సర్ది ఇంటికి పంపే కంపెనీలు కూడా సీఎస్‌ఏ అనే పేరే పెట్టుకుంటున్నాయి. పక్క పొలం నుంచి మొక్కజొన్నో ఆపిళ్లో తెచ్చి కలిపితే ఫరవాలేదు, ఆ మాట దాచకుండా చెప్పాలంతే. పురుగుమందుల సంగతీ సూటిగా అడుగు. ఆర్గానిక్ సర్టిఫికెట్ లేదని వెంటనే తోసిపుచ్చకు, ఆ ఖర్చూ కాగితాల పనీ పడలేక చిన్న రైతులు చాలామంది తీసుకోరు. ఏం చల్లుతారో, ఎప్పుడు చల్లుతారో విసుక్కోకుండా చెప్పే రైతైతే నాకు చాలు.

మన గోంగూర, కాకరకాయల మీద బెంగ ఉంటే లాంకాస్టర్‌లోని ఫ్లాట్స్ మెంటర్ ఫామ్ కూడా చూడు, మీకు దూరమేం కాదు. వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ తలా కొంత నేల తీసుకుని తమ తమ దేశాల కూరలు పండిస్తారు.

మనవాళ్లకు అసలు చిక్కు వేసవి సెలవులతో. టమాటా, వంకాయ, మొక్కజొన్న విరగకాసే జూలై, ఆగస్టుల్లోనే మనం ఇండియా విమానం ఎక్కుతాం. వెళ్లని వారాలకు డబ్బు తిరిగిరాదు. మీ బదులు స్నేహితులు వచ్చి తీసుకోవచ్చా అని ముందే కనుక్కో, చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఎవరూ రాకపోతే, లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి పంపేస్తారు, అది మంచికే. ఈ ఏడు ఎలాగూ ప్రయాణం ఉందనుకుంటే, సెప్టెంబరులో మొదలయ్యే షేర్ ఎక్కడ ఇస్తారో వెతుక్కో.

ఇక వంటింటి సంగతి. మానేసేవాళ్లు ఎక్కువమంది మానేసేది ఇక్కడే. జూన్ అంతా ఎక్కువగా ఆకులే వస్తాయి. పాలకూర, కేల్, చార్డ్, ముల్లంగి, టర్నిప్, నూల్ కోల్. అమెరికా వాళ్లు సలాడ్ చేసి చేసి విసుగెత్తిపోతారు గానీ, పప్పు తినే ఇంటికి ఆకు ఎప్పుడూ ఎక్కువవదు. చార్డ్‌ని తోటకూర వండినట్టే పులుసు పెట్టు. కేల్ కొంచెం మొండిది, సన్నగా తరిగి కందిపప్పుతో పాటే కుక్కర్‌లో పడేయి. ముల్లంగి ఆకు పెసరపప్పుతో, నూల్ కోల్ సాంబారులోకి, వెల్లుల్లి కాడలు పచ్చిమిరపకాయలతో కలిపి పచ్చడికి. రూబార్బ్ కాడలు వస్తే వదలొద్దు, ఆ పులుపుకు పప్పు గోంగూర వేసినంత కమ్మగా ఉంటుంది. కానీ దాని ఆకు విషం. ఆకు కనబడితే పప్పులో వేసే చెయ్యి మనది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, కాడ తప్ప ఏదీ ముట్టుకోవద్దు.

పికప్ రోజు సాయంత్రం వేరే పని పెట్టుకోకు. ఇంటికి రాగానే ముల్లంగి, బీట్‌రూట్ దుంపల నుంచి ఆకులు కోసి విడదీయి, లేదంటే ఆకు నీరంతా లాగేస్తే దుంప రెండు రోజుల్లో మెత్తబడిపోతుంది. ఆకుకూర తడి ఆరాక పల్చటి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. టమాటాలు మాత్రం బయటే ఉంచు.

మనమే వెళ్లి కోసుకునే మడులు ఉన్న పొలమైతే పాపాయిని కూడా తీసుకెళ్లు. అక్కడ చిక్కుళ్ల వరసల మధ్య నేలకు పాకి గంగవాయిల కూర దొరుకుతుంది. వాళ్లకది కలుపు, అడిగితే సంతోషంగా పీక్కోమంటారు. కాడ విరిచి చూడు. పాలు కారితే అది స్పర్జ్ అనే వేరే మొక్క, తినకూడదు. గంగవాయిలికి కాడ ఎర్రగా, ఆకు దళసరిగా ఉంటుంది, పాలు రావు.

మొదటి ఏడు హాఫ్ షేరే తీసుకో. మీ ముగ్గురికీ అది సరిపోతుంది, చాలని వారం పొలం దగ్గరి కూరగాయల స్టాండ్‌లోనే ఇంకో రెండు కొనుక్కోవచ్చు. డబ్బంతా ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడుగు, సిగ్గుపడొద్దు. వారానికి కొన్ని గంటలు పొలం పని చేస్తే డబ్బు తగ్గించే చోట్లూ ఉన్నాయి, అల్లుడికి ఓపిక ఉంటే అదీ చూడండి. మంచి పొలాల్లో మార్చి దాటితే షేర్లు మిగలకపోవచ్చు కాబట్టి ఈ వారంలోనే ఫోన్ చెయ్యి. సంచులు మీవే తీసుకెళ్లండి, వాళ్లు ఇవ్వరు. తెలియని కూర ఏదైనా వస్తే ఫొటో పంపు, ఎలా వండాలో చెబుతాను.

ఇట్లు
మీ పెద్దమ్మ